మురికి మేస్త్రి కడిగిన లారీ

మురికి మేస్త్రి అన్న పేరు వింటే ఎవరో మాసిన చొక్కా మనిషి అనుకుంటారు గానీ, ఆయనంత శుభ్రంగా తల దువ్వుకునే మనిషి ఆ వీధిలో ఇంకొకడు లేడు. ఆ పేరు పని వల్ల వచ్చింది. కార్ల షెడ్డులో ఇరవయ్యారేళ్ళు రంగులు కొట్టాడు. సొట్టలు పడ్డ బండి లోపలికి వెళ్తే పెళ్ళికొడుకులా బయటికి వచ్చేది. అరవై నిండి షెడ్డు మానేశాక చేతులు ఊరికే ఉండలేక బొమ్మ మిలటరీ బళ్ళ మీద పడ్డాయి. ఇప్పుడు చేసేది సరిగ్గా తిరగేసిన పని. దుకాణంలోంచి తళతళలాడుతూ వచ్చిన బొమ్మ ట్యాంకునో జీపునో పుచ్చుకుని, నాలుగు యుద్ధాలు చూసి వచ్చినట్టు తయారుచేసి పంపిస్తాడు. పాతవాటిని కొత్తవి చేసి బతికాను, కొత్తవాటిని పాతవి చేసి ఆ పాపం కడుక్కుంటున్నాను అంటాడు అడిగినవాళ్ళతో.

ఇలాంటివి ఎవరు కొంటారని అడక్కండి. ఉన్నారు. చెక్కపలక మీద మట్టిరోడ్డు వేసి, కూలిన గోడ ఒకటీ మోడు చెట్లు రెండూ నిలబెట్టి, గాజుపెట్టెలో యుద్ధభూమిని ముచ్చటగా దాచుకునే మనుషులున్నారు. రోడ్డు వాళ్ళే వేసుకుంటారు, గోడ వాళ్ళే కూల్చుకుంటారు. బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మేస్త్రి కావాలి. ఆయన ముందు బొమ్మ రంగంతా మందు పూసి ఒలిచేస్తాడు. అడుగున తుప్పు రంగు కొట్టి, తడిపి, ఉప్పు చల్లుతాడు. దాని మీద ఆకుపచ్చ కొట్టి, ఆరాక ఉప్పు రాల్చేస్తే పైరంగు పెచ్చులూడి తుప్పు బయటపడుతుంది. టైర్లు బరువుకి కుంగినట్టు కనబడాలని వేడి అట్లకాడతో కాస్త నొక్కుతాడు. అట్లకాడ ఎవరిదో చెప్పనక్కర్లేదు.

ఆయనకి ఒకటే సూత్రం. మురికికి కారణం ఉండాలి. బండి ఏ దారిన వచ్చింది, ఎన్నాళ్ళు వానలో తడిసింది, డ్రైవరు ముందు ఏ కాలు పెట్టి ఎక్కుతాడు, ఇవన్నీ తేలితే గానీ కుంచె ముట్టడు. ఊరికే కాస్త బురద పూయండి చాలు అన్న ఒకాయన్ని గుమ్మంలోంచే పంపించేశాడు. ఇన్నేళ్ళలో తను చేసిన బండి ఒక్కటీ వెనక్కి రాలేదని, అడక్కపోయినా చెప్పేవాడు.

ఆయన భార్యకీ దుమ్ముకీ పుట్టుకతో వచ్చిన వైరం. వెనక వసారాకి అద్దాలు బిగించి, ఆ గది ఆయనకి అప్పగించి, గుమ్మంలో ఒక గోనెపట్టా పరిచి, ఇదే హద్దు అని చెప్పేసింది. అయినా వంటింట్లోంచి టీ జల్లెడ మాయమయ్యేది, మట్టి జల్లించడానికి. గిన్నెలు తోమే స్పాంజి మూలలన్నీ తరిగిపోయేవి, తుప్పుచుక్కలు అద్దడానికి. లోకమంతా దుమ్ము దులిపి పారేస్తుంటే ఈయన జల్లించి సీసాల్లో దాచుకుంటున్నాడని సణుగుతూ, ఆవిడ రోజూ పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు తుడుచుకొచ్చేది. మేస్త్రి ఆ తుడుపుని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇంట్లో గడియారం చప్పుడు ఎవరి చెవిన పడుతుంది గనక.

ఒక సెలవు రోజున పక్క వీధి బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ వచ్చింది. ఆమె తెచ్చిన కవర్లో పాత నలుపు తెలుపు ఫోటో ఉంది. ఒక మిలటరీ లారీ, పక్కన నిటారుగా నిలబడ్డ కుర్రాడు, ముందు చక్రం దగ్గర ఒక బకెట్టు. ఆ కుర్రాడు వాళ్ళ నాన్న. ఆ లారీ పదకొండేళ్ళు నడిపి, సైన్యంలోంచి వచ్చాక కూడా జీవితమంతా ఏదో ఒక బండి నడుపుతూనే ఉన్నాడు. నాలుగు నెలల కిందట కళ్ళ డాక్టరు లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. దగ్గరివి బాగానే కనబడతాయి, దూరం ఆనడం లేదు. ఇంట్లో ఉన్న కారు అమ్మేశారు. ఆ రోజు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషి ఇప్పటికీ అక్కడే ఉన్నాడు, ఉలుకూ పలుకూ లేకుండా.

"ఇదివరకు భోజనానికి మూడుసార్లు పిలిస్తే గానీ వచ్చేవాడు కాదండీ. ఎప్పుడూ కిందే, ఆ కారు దగ్గరే. ఇప్పుడు ఒక్క పిలుపుకే వచ్చి కూర్చుంటున్నాడు. నాకు అదే భయంగా ఉంది," అంది టీచరమ్మ.

ఆ లారీని బొమ్మగా చేసి ఆయన ఎదురుగా పెడితే, దాన్ని చూసి నాలుగు ముక్కలు మాట్లాడితే చాలునని ఆమె ఆశ. మేస్త్రి సరేనన్నాడు. అనకేం చేస్తాడు, ఫోటో చూసినప్పుడే చేతులు దురద పెట్టాయి.

అంత చక్కటి మురికిని ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. డ్రైవరు వైపు తలుపు మీద ఏడు బురద మరకలు, ఒక్కొక్కటి ఒక్కో తీరున చిమ్మి ఉన్నాయి. ఆకాశంలో మూడు పక్షులు కూడా ఎగురుతున్నాయి. మేస్త్రి భూతద్దం పెట్టుకుని కారణం వెతికాడు. చక్రం దగ్గర బకెట్టుందంటే రేడియేటరుకి నీళ్ళు పోశారన్నమాట. నీళ్ళు పోశారంటే బండి వేడెక్కింది. వేడెక్కిందంటే కొండదారి ఎక్కింది. కొండదారి అంటే ఎర్రమట్టి. ఇంకేం, మురికికి కారణం దొరికిపోయింది. ఆయన మూడు వారాలు వసారా దాటి రాలేదు. ఏడు మరకల్నీ కొలతతో సహా దింపాడు, సూదిమొనతో.

టీ ఇవ్వడానికి వచ్చిన భార్య గోనెపట్టా మీదే నిలబడి ఫోటో అందుకుని చూసింది.

"బండి నిండా ఇంత బురదుంటే ఇతని బూట్లు ఇలా ఎలా మెరుస్తున్నాయండీ?" అంది.

ఫోటో కోసం తుడుచుకుని ఉంటాడని మేస్త్రి కొట్టిపారేశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

లారీ వెళ్ళింది. రెండో రోజున టీచరమ్మ ఫోన్ చేసింది. పెద్దాయన నోరు విప్పాడట. మేస్త్రి మొహం వెలిగేలోపే మిగతాది కూడా చెప్పింది. ఇది నా బండి కాదన్నాడట. ఈ డ్రైవరెవడో గానీ శిక్షగా వాణ్ణి మూడు రోజులు కదలకుండా కూర్చోబెట్టాలన్నాడట. ఆ రెండు మాటలూ అని, లారీని గోడ వైపు తిప్పిపెట్టి, మళ్ళీ కిటికీలోకి తిరిగిపోయాడు. ఇప్పుడు అసలు తల ఊపడం కూడా మానేశాడు. పోనీలెండి, మీ తప్పేమీ లేదు, నేనే అనవసరంగా ఆయన్ని కదిపాను అని టీచరమ్మ ఫోన్ పెట్టేసింది.

ఒక్కటీ వెనక్కి రాలేదన్న మేస్త్రి బండి గోడకేసి తిరిగింది. సాయంత్రం చొక్కా మార్చుకుని తనే బయల్దేరాడు.

టీచరమ్మ వాళ్ళది మూడో అంతస్తు. కిటికీ కింద బళ్ళు నిలిపే చోటు, అందులో ఒక గడి ఖాళీ. పెద్దాయన దాని వైపే చూస్తున్నాడు. మేస్త్రి ఎవరో టీచరమ్మ చెప్పాక మెల్లగా తల తిప్పాడు.

"బురద పూసింది నువ్వేనా?"

"నేనేనండీ."

"ఎందుకు?"

ఎవరు బండి తెచ్చినా ఆ ప్రశ్న మేస్త్రే అడిగేవాడు. తనని అడిగినవాడు ఇప్పటిదాకా లేడు. తడబడుతూ ఫోటో తీసి, తలుపు మీది మరకలు చూపించాడు. పెద్దాయన ఫోటో దగ్గరగా పెట్టుకుని, ఒక మరకని గోటితో గీకాడు. అది పొడిపొడిగా రాలింది.

"ఇది ట్రంకుపెట్టెలో ఫోటోకి పట్టిన చెమ్మ అబ్బాయ్. నా బండికి పట్టింది కాదు. ఇదిగో, పైన ఆకాశంలో కూడా మూడున్నాయి. ఆకాశానికి కూడా బురద పూశావా?"

మేస్త్రి వాటిని పక్షులనుకున్న సంగతి పైకి చెప్పలేదు. అరవై దాటాక తనని అబ్బాయ్ అన్న మనిషి ముందు అంతకంటే చిన్నబోవడం దేనికి. బకెట్టు సంగతి మాత్రం అడిగాడు. అది బండి కడిగే బకెట్టట. పొద్దున లేవగానే ముందు బండి మొహం, తరవాతే తన మొహం. పదకొండేళ్ళలో ఒక్క రోజు కూడా తప్పలేదు.

"వాన పడుతున్నా కడిగేవారా అండీ?"

"వానలో మరీ సుఖం. నీళ్ళు మోసే పని ఉండదు."

అంతవరకే. మళ్ళీ కిటికీలోకి తిరిగాడు. మేస్త్రి లారీని సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చి జరిగినదంతా చెప్పాడు. భార్య పక్షుల దగ్గర నవ్వు ఆపుకోలేకపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మాత్రం అంది. బూట్ల మాట ఎత్తలేదు, అది ఆవిడ మంచితనం.

బురదంతా ఒలిచేసి, కొత్తగా ప్రైమరు కొట్టి, పైన ఆకుపచ్చ కొట్టాడు. చేయి తిరిగిన పని, రెండు రోజుల్లో అయిపోయింది. లారీ శుభ్రంగా ఉంది. దుకాణంలో అప్పుడే కొన్నట్టుంది. ఆ పదకొండేళ్ళు మాత్రం ఎటుపోయాయో తెలియలేదు. ఇది పెద్దాయన ముందు పెడితే గోడ వైపు తిప్పే శ్రమ కూడా తీసుకోడు. మేస్త్రికి జీవితంలో మొదటిసారి మురికి లేకుండా పాతదనం ఎలా తేవాలో అంతుపట్టలేదు. బల్లమీద సీసాల్లో ఎనిమిది రకాల మట్టి ఉంది. ఒక్కటీ పనికిరాదు.

మర్నాడు పొద్దున వంటింట్లోకి మంచినీళ్ళ కోసం వెళ్ళాడు. భార్య ఎప్పటిలాగే స్టూలు తుడుస్తోంది. పెళ్ళయిన కొత్తలో షెడ్డులో మిగిలిన కారు రంగు తెచ్చి, నీలంగా తనే వేసిన స్టూలు అది. మేస్త్రి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. దాని మీద ఒక్క మరక లేదు. మధ్యలో నీలం నున్నబడి అద్దంలా ఉంది. అంచుల దగ్గరికి వచ్చేసరికి పలచబడి, మూలల్లో అడుగున ఉన్న గోధుమరంగు ప్రైమరు తొంగిచూస్తోంది. రుద్దితే ముందు అంచులే పోతాయని షెడ్డులో ఇరవయ్యారేళ్ళు తను కుర్రాళ్ళకి చెప్పిన సంగతే. ఇంట్లో ముప్పయ్యయిదేళ్ళుగా జరుగుతున్నది కనబడలేదు.

"దీనికి ఈ రంగు ఇలా ఎప్పుడు పోయింది?" అన్నాడు.

"ఎప్పుడో ఒకనాడు పోలేదు. మీరు ఒక్కసారి వేశారు, నేను రోజూ తుడిచాను," అంది ఆవిడ, గుడ్డ పిండుకుంటూ.

ఆయనకి సిగ్గేసింది. ఆ గుడ్డ ఒకసారి ఇమ్మన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన అడిగి పుచ్చుకున్న మొదటి వస్తువు అది. మిగతావన్నీ అడక్కుండా తీసుకున్నవే.

ఆ వారమంతా ఆయన లారీని తుడిచాడు. సన్నటి గరుకు కాగితాన్ని అగ్గిపుల్లకి చుట్టి తడిపి, బానెట్టు మీద మడతల వెంట, మడ్‌గార్డు పైభాగాన, తలుపు పిడి చుట్టూ మెల్లమెల్లగా రుద్దాడు. మధ్యలో నున్నగా మెరిసేట్టు, అంచుల్లో ప్రైమరు ఒక వెంట్రుకవాసి తేలేట్టు. తలుపు మీద నంబరు రాసి, రోజూ గుడ్డ తగిలి సగం చెరిగినట్టు చేశాడు. ముందు చక్రం దగ్గర బకెట్టు పెట్టాడు. అయ్యాక భార్యని గోనెపట్టా దాటి లోపలికి రమ్మని పిలిచి చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసి, దీన్ని ఎవరో బాగా చూసుకున్నారు అంది.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ మూడో అంతస్తు ఎక్కాడు. లారీని కిటికీ గట్టు మీద పెట్టి, ఒక పక్కగా నిలబడ్డాడు. పరీక్ష రాసి వచ్చిన పిల్లాడికి కూడా అంత గుండెదడ ఉండదు. పెద్దాయన ముందు బకెట్టు చూశాడు. తరవాత లారీని చేతిలోకి తీసుకుని, వెలుగుకేసి తిప్పి, బొటనవేలితో బానెట్టంతా తడిమాడు. తలుపు మీద చెరిగిన నంబరు దగ్గర వేలు ఆగిపోయింది.

"బండి నాదే. తుడిచింది మాత్రం నేను కాదు," అన్నాడు.

మేస్త్రి ముందుకు వంగి లారీని చూశాడు. ఏం తేడా వచ్చిందండీ అని అడిగాడు.

"ఈ అరుగుదలంతా కుడిచేతి వాటం. నాది ఎడమచేయి."

మేస్త్రి జేబులో చేయి పెట్టుకున్నాడు. అక్కడ గరుకు కాగితం ముక్క తగిలింది, ఎప్పుడూ ఉండేదే. దాన్ని తీసి, బండి సరిచేసి తెస్తానని అనబోయాడు. పెద్దాయన ఎడమచేయి చాచాడు.

"అది ఇటివ్వు. ఒక గిన్నెలో నీళ్ళు కూడా."

కుర్చీ కిటికీ వైపు నుంచి బల్ల వైపు తిరిగింది. పెద్దాయన లారీని ఒళ్ళో పెట్టుకుని, కాగితం నీళ్ళలో ముంచి, తలుపు అంచు వెంట రుద్దడం మొదలెట్టాడు. అంత గట్టిగా కాదండీ అని మేస్త్రి అంటే, నువ్వు నాకు చెప్పకు అబ్బాయ్ అన్నాడు. ఆ తరవాత తనంతట తనే ఏదో వంతెన గురించి, ఆ ఏటి నీళ్ళ చల్లదనం గురించి చెప్పుకుపోయాడు. మేస్త్రి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

వంటింట్లోంచి టీచరమ్మ భోజనానికి పిలిచింది. పెద్దాయన తల ఎత్తలేదు. కాసేపు ఆగి రెండోసారి పిలిచింది. ఈసారి వినబడనట్టే ఊరుకున్నాడు. మూడోసారి పిలవడానికి ఆమె గది గుమ్మం దాకా వచ్చింది, గరిటె చేతిలోనే ఉంది.

"నాన్నా, అన్నం చల్లారిపోతోంది."

"ఉండమ్మా, బండి కడుగుతున్నాను," అన్నాడు పెద్దాయన.

టీచరమ్మ ఇంకోసారి పిలవలేదు. వంటింట్లోకి వెళ్ళి అన్నం గిన్నె మీద మూత పెట్టి వచ్చింది.