పచ్చిమాంసం, ఖాళీ బీరువా

సెలవు మీద ఇంటికి వెళ్లబోయే మనిషి, తీరా ప్రయాణం దగ్గర పడ్డాక తన పెంపుడు జంతువుల తిండి ఎందుకు మారుస్తుంది? నా అనుమానం అక్కడ మొదలైంది.

దమ్మామ్‌లో ఒక ఆసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మాది కరీంనగర్ వైపు. అదే ఆసుపత్రిలో డయాలసిస్ వార్డులో పనిచేసే కడప ఆమె నాతో పాటు ఫ్లాట్‌లో ఉండేది. నాకంటే పదేళ్లు పెద్దది. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. మా ఇద్దరితో పాటు ఆ ఇంట్లో రెండు ఫెర్రెట్లు ఉండేవి. ముంగిసను పట్టుకుని ఇంకాస్త సాగదీసి, మెత్తటి బొచ్చు తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. మగది లేత గోధుమరంగు. ఆడదానికి కళ్ల చుట్టూ దొంగ కట్టుకున్న గుడ్డలాంటి నల్లచార. కెనడా నుంచి వచ్చి పనిచేసిన ఒక డాక్టరమ్మ వాటిని అక్క చేతుల్లో పెట్టి, "ఆరు నెలల్లో వచ్చి తీసుకుపోతాను" అని వెళ్లింది. తర్వాత ఫోను కూడా ఎత్తలేదు.

ఆ కథ నాకు తెలుసు. అందుకే ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే అక్క, "పాపా, రేపట్నుంచి వీటికి పచ్చిమాంసం పెట్టాల" అనగానే నేను చేస్తున్న పని ఆపి ఆమె వైపు చూశాను.

"ఎందుకక్కా? ప్యాకెట్ల వచ్చే ఎండు గింజలు మంచిగనే తింటున్నయి గదా."

"జంతువుల డాక్టరు చెప్పినాడు. ఇవి ఉత్త మాంసం మీద బతికే జాతంట. ఆ గింజల్లో పిండి ఎక్కువ, వీటి ఒంటికి పడదంట. ఆ సంచులు గూడా అంగట్లో ఒక నెల దొరికితే ఇంకో నెల దొరకడం లే."

చెప్పిన కారణాలన్నీ బాగానే ఉన్నాయి. అదే నాకు నచ్చలేదు. గింజల సంచి దొరకడం కష్టమని ఇన్నాళ్లూ లేని దిగులు ఇప్పుడెందుకు? కోడి అయితే సందు చివర కూడా దొరుకుతుంది. ఎవరైనా తేలిగ్గా తెచ్చి పెట్టవచ్చు. ఎవరైనా అంటే, ఆమె లేనప్పుడు ఎవరు?

ఇంకొక ఇబ్బంది నా ఉద్యోగం. మనుషుల కడుపులో తంటాలు పెట్టే క్రిములను పళ్లేల మీద పెంచి, పేరు పెట్టి, ఏ మందుకు చస్తాయో చూడటం నా పని. పచ్చికోడిని నేను మామూలు కళ్లతో చూడలేను. ఆ జంతువులు తట్టుకుంటాయని డాక్టరు చెప్పాడట. సరే, గిన్నె కడిగే మనిషి సంగతేమిటి? ఫ్రిజ్‌లో అడుగు అర వాటికి ఇచ్చాను. కోయడానికి విడిగా ఒక ప్లాస్టిక్ పలక, విడిగా ఒక కత్తి. వాడిన ప్రతిసారీ వేడినీళ్లు, బ్లీచు. అక్క ఆ పలకను ఒట్టి నీళ్లతో జాడించి పక్కన పెడితే, నేను మళ్లీ తీసి కడిగేదాన్ని.

"ఆస్పత్రిలో గూడా ఇంత కడగరు మే" అని ఆమె నవ్వేది.

తిండి మార్చడం ఒక్కసారిగా అయ్యే పని కాదు. చిన్నప్పుడు ఏది తింటే అదే తిండి అనుకునే జంతువులవి. తెలియనిది తిండిగా కనిపించదు. మొదట గింజలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి, అందులో వేలి చివరంత పచ్చి ఖీమా కలిపాం. వాసన చూసి రెండూ వెనక్కి నడిచాయి. మర్నాడు అక్క ఆ ముద్దను వాటి మూతికి పూసింది. ఆడది నాలుక చాచి నాకింది. మగది మాత్రం మూతిని తివాచీకి రుద్ది తుడుచుకుని మంచం కిందికి పోయింది. తనకు విషం పెడుతున్నామన్నట్టు అక్కడి నుంచి మమ్మల్ని చూసింది. దాని చూపు నాకు అర్థమైంది. నేనూ అక్కను అలాగే చూస్తున్నాను.

ఎందుకంటే అప్పటికే ఇండియాకు సామాను పంపే కార్గో వాళ్లు వచ్చి ఒక పెద్ద పెట్టె తీసుకెళ్లారు. అందులో అక్క కుట్టుమిషను ఉంది. సెలవుల్లో బ్లౌజులు కుట్టుకుంటూ ఎంతో ఇష్టంగా చూసుకునే మిషను. నెల రోజుల సెలవుకు వెళ్లే మనిషి కుట్టుమిషను పంపుతుందా? ల్యాబ్‌లో నాతో పనిచేసే హైదరాబాద్ ఆమెను అడిగాను. ఆమె చేతి గ్లౌజులు తీస్తూ, "ఛుట్టీ అని చెప్పి పోయినోళ్లు ఎంతమంది మళ్ల రాలే? మల్ల అచ్చే వీసా, ఎగ్జిట్ రీఎంట్రీ మీదనే పోతరు, టైమ్ అయినా రారు. మీ అక్క ఇగ రాను, ఫైనల్ ఎగ్జిట్ అని చెప్తదా నీకు?" అంది.

ఆ మాట పట్టుకుని నేను ఇంటికొచ్చాను. అక్కను సూటిగా అడగలేదు. "మిషను పంపినవ్ ఎందుకక్కా?" అన్నాను.

"మా చెల్లెలు అడిగినాది."

"మల్ల నీకు?"

"చూద్దాంలే."

ఆ చూద్దాంలే నాకు నచ్చలేదు. ఆమె వెళ్లేరోజు గుమ్మంలో నిలబడి రెండు జంతువులనూ చెంపలకు ఆనించుకుని చాలాసేపు అలాగే ఉంది. నెల రోజులకు అంతసేపు వీడ్కోలు అక్కర్లేదని నాకు అనిపించింది.

ఆమె వెళ్లాక మగది మొండికేసింది. గింజలు తగ్గించి మాంసం పెంచే కొద్దీ గిన్నె దగ్గరికే రావడం మానేసింది. ఆకలేస్తే అదే తింటుందిలే అని వదిలేయడానికి లేదు. పూటంతా పస్తుంటే వాటికి ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని మళ్లీ నానబెట్టిన గింజల ముద్దకు దిగేదాన్ని. వంటింటి త్రాసు మీద కూర్చోబెట్టి బరువు చూసేదాన్ని. ఆడది బరువు నిలబెట్టుకుంది, మగది తగ్గింది. మాంసం చల్లగా ఉందేమోనని, డబ్బాను వేడినీళ్లలో పెట్టి వెచ్చబరిచాను. కోడి గుండెలు సన్నగా దారాల్లా కోసి చూశాను. ఏదీ ముట్టలేదు.

దాని గుట్టు నాకు అనుకోకుండా దొరికింది. ఒక మధ్యాహ్నం కోస్తుంటే ఒక గుండె ముక్క జారి నేల మీద పడింది. బ్లీచు గుడ్డ కోసం నేను వంగేలోపు మగది ఎక్కడి నుంచో దూసుకొచ్చి దాన్ని నోట కరుచుకుని పారిపోయింది. సోఫా కింద నములుతున్న చప్పుడు వినిపించింది. గిన్నెలో పెట్టిన తిండిని అది నమ్మదు, దొంగిలించిన దాన్ని నమ్ముతుంది. ఆ రోజు నుంచి నేను దాని ముందు గిన్నె పెట్టడం మానేశాను. ముక్కను గుప్పిట్లో దాచుకున్నట్టు నటించి, మరచిపోయినట్టు బల్ల అంచున వదిలేసేదాన్ని. అది చుట్టూ చూసి ఎత్తుకుపోయేది. కొద్దిరోజుల్లో గుండెలు, కార్జం, కందనకాయలు, చివరికి ఎముకలతో సహా మెడలు కూడా దొంగతనంగానే అలవాటయ్యాయి.

మాంసం అంగట్లో కోసే బంగ్లాదేశ్ అతను మాత్రం నన్ను ఇంకోలా చూడటం మొదలుపెట్టాడు. ఒక ఒంటరి ఆడమనిషి ఎప్పుడూ మెడలు, గుండెలు, కార్జమే అడుగుతుంది. "మేడమ్, ఇంట్లో మెస్ నడుపుతున్నారా?" అని హిందీలో అడిగాడు. ఫెర్రెట్ అంటే అతనికి తెలియలేదు, ముంగిసలాంటిది అన్నాను. అతను కత్తి పక్కన పెట్టి, ఇక ఏమీ అడగకుండా కవరు నా చేతికిచ్చాడు.

ఈలోగా అక్క రోజూ వీడియో అడిగేది. అవి తింటున్నప్పుడు తీసి పంపమనేది. పంపితే, "ఇది ఇయ్యాల్టిదేనా?" అని అడిగేది. ఒకసారి, "కిటికీ పక్కన తీసి పంపు, వెలుతుర్లో" అంది. మనసులో తప్పు పెట్టుకున్న మనిషి ఇలాగే పదేపదే అడుగుతుందని నేను తీర్మానించుకున్నాను.

తర్వాత ఇంట్లో వాసన మొదలైంది. మొదట పక్కింటివాళ్ల చెత్త అనుకున్నాను. తర్వాత బిల్డింగ్ వాచ్‌మన్ మెట్ల కింద ఏదో పెట్టాడనుకుని కిందికి వెళ్లి అడిగాను, అతను నొచ్చుకున్నాడు. వాసన పట్టుకుని తిరిగితే అది అక్క గదిలోంచి వస్తోంది. ఆ గది తలుపు ఫెర్రెట్ల కోసం తెరిచే ఉంచేదాన్ని. అక్కడి బీరువాకు వెనక చెక్క కింది మూల ఊడి ఉంది. తాళంచెవి బీరువాకే వేలాడుతోంది. కాసేపు ఆలోచించి తిప్పాను.

అడుగున మగదాని ఖజానా ఉంది. ఎండిన మెడలు, నల్లబడిన గుండె ముక్కలు, నా మేజోడు ఒకటి. తిన్నదానికంటే దాచింది ఎక్కువేమో అనిపించింది. గ్లౌజులు వేసుకుని అవన్నీ ఏరి కవర్లో వేశాక తల పైకెత్తాను. పైన ఒక్క గుడ్డ లేదు. చీర లేదు, చుడీదార్ లేదు. ఖాళీ హ్యాంగర్లు వరసగా వేలాడుతున్నాయి.

అలాగే నేల మీద కూర్చుని ఫోను చేశాను.

"అక్కా, నువ్ మల్ల అస్తవా, రావా? సీదా చెప్పు."

"ఏమైంది మే?"

"నీ బీరువా ఖాళీగున్నది."

 ఆమె గొంతు మారింది. "నా బీరువా ఏంటికి తెరిచినావు?"

"కంపు కొడితే తెరిచిన. నీ మగది అండ్ల కోడిమెడలు దాసింది."

"నిజంగా అదేనా? నువ్వు పంపే వీడియోల్లో దాని మొగం ఒక్కసారి గూడా సరిగ్గా కనపళ్లే. ఎవురికన్నా ఇచ్చేసి, పాతవి పంపుతాండావేమో అని నేనీడ కుమిలిపోతాండా."

 బరువు చూసుకుంటూ, గుప్పిట్లో గుండె ముక్కలు దాచుకుంటూ నేనిక్కడ తిప్పలు పడుతుంటే, ఆమె అక్కడ కూర్చుని నన్ను దొంగను చేసింది. "ఇచ్చేస్తే నీకు చెప్పకుంట ఇస్తనా అక్కా?" అని అరిచాను. ఆమె ఫోను పెట్టేసింది.

తర్వాత వీడియోలు అడగలేదు, నేను పంపలేదు. సెలవు ఇంకొంచెం పొడిగించిందని వార్డులో తెలిసింది. ఇక రాదని ఖాయం చేసుకున్నాను. వాటిని తీసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడమని డాక్టరుకు కూడా చెప్పాను.

ఒక శుక్రవారం పొద్దున తలుపు చప్పుడైంది. అక్క, చేతిలో చిన్న సూట్‌కేసు. నన్ను పలకరించలేదు. నేరుగా వెళ్లి మగదాన్ని ఎత్తుకుని, ఎడమ చెవి వెనక బొచ్చు రెండు వేళ్లతో పక్కకు తీసింది. ఎప్పుడో ఆడది కొరికిన చిన్న గాటు అక్కడ ఉంది. దాన్ని చూశాక ఆమె అలాగే నేల మీద కూలబడింది. మగది ఆమె చేతులు వాసన చూసి, జారుకుని, నా కాళ్ల మధ్యకు వచ్చి నిలబడింది. ఆమె ముఖం చిన్నబోయింది. నేను ఒక మెడ తెచ్చి ఆమె చేతికిచ్చి, వెనక దాచుకోమన్నాను. మగది వెనకగా వెళ్లి దాన్ని లాక్కుంది.

"ఎముక గూడా నమిలేస్తాండాదే!" అంది. ఆమె నాతో అన్న మొదటి మాట అది.

టీ పెట్టాక చెప్పింది. కడపలో చెల్లెలితో కలిసి కుట్టుషాపు పెట్టి చూద్దామనుకుందట. అందుకే మిషను పంపింది, మోడల్స్‌గా చూపించడానికి తను కుట్టుకున్న బట్టలు, చీరలతో సహా, అన్నీ తీసుకెళ్లింది. "కుదిరితే ఉండిపోదామనుకున్యా. కుదరకపోతే వచ్చేద్దామనుకున్యా. నీకు చెప్తే నువ్వు వేరే ఫ్లాటు చూసుకుంటావు, వీటిని ఎవురికో ఇచ్చేస్తావు. అందుకే చెప్పలే."

కోపం వచ్చింది. చెప్పి ఉంటే నేను అదే చేసేదాన్నేమో. అందుకే కోపం ఎక్కువసేపు నిలవలేదు.

"మరి షాపు?"

"నడుస్తాది, అయితే ఇద్దరికి చాలదు. ఈ కాంట్రాక్టు అయ్యేదాకా ఈడ్నే పని చేసి, అప్పుడు పోతా."

"నిజమేనా?"

"నీ ఇష్టం మే. నమ్మితే నమ్ము."

నేను పూర్తిగా నమ్మలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆమె పెట్టె తెరిచిన ప్రతిసారీ అటు చూసేదాన్ని. ఆమె కూడా డ్యూటీ నుంచి రాగానే ముందు రెండింటినీ వెతికి చూసుకున్నాకే చేతులు కడుక్కునేది. అయినా ఇంట్లో పని సాఫీగా సాగింది. శుక్రవారాలు ఇద్దరం పాత పేపర్లు పరుచుకుని కూర్చుని వారానికి సరిపడా కోసి డబ్బాల్లో సర్దేవాళ్లం. ఆమె కోసేది, నేను కడిగేదాన్ని.

చెప్పినట్టే ఆమె పోయిన ఏడాది వెళ్లిపోయింది. ఈసారి చాలా ముందే చెప్పింది, ఫైనల్ ఎగ్జిట్ అని. ఫెర్రెట్లను ఇండియాకు తీసుకెళ్లడం అయ్యే పని కాదని కనుక్కుని, "నీ దగ్గరే ఉంచుకుంటావా?" అని నన్ను అడిగింది. ఉంచుకుంటానన్నాను. ఎయిర్‌పోర్టులో నన్ను పట్టుకుని, "మళ్లా రాను పాపా" అంది. ఆ మాట వెనక వెతకడానికి ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి ముఖం కడుక్కుని, ఫ్రీజర్‌లోంచి ఒక మాంసం డబ్బా తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాను. సాయంత్రానికి అది కరగాలి.