మేస్త్రీ చెయ్యి చెప్పిన అంకె

మా మేస్త్రీ చనిపోయి ఇరవై రోజులైంది. ఆ మంగళవారం పొద్దున ఎనిమిదికి ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. ఆమెను నేను అత్తా అంటాను. స్నానం చేసి, చొక్కా తొడుక్కుంటా మంచం మీద కూర్చున్నాడంట. మళ్లీ లేవలేదంట. నేను అప్పటికే షెడ్డులో ఒక బండి కింద పడుకోనున్నాను. విని, "సరే అత్తా, వస్తన్నా" అన్నాను. అన్నాక, సగం తిప్పిన బోల్టును పూర్తిగా బిగించి, సబ్బుతో చేతులు కడుక్కుని, అప్పుడు బయటికి వచ్చినాను. ఎందుకట్లా చేసినానో నాకు తెలవదు.

తెలిసినోళ్లకు చెప్పే పని నా మీద పడింది. పదిమందికి ఫోన్ చేసినాను. నలుగురు నమ్మినారు. ఒకాయన "పొద్దున్నే నీ వేషాలు మొదలుపెట్టినావా" అని పెట్టేసినాడు. ఇంకొకాయన నవ్వినాడు. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీకి పోయే మా బావ, "రైల్లో ఉండా, నీ జోకు సాయంత్రం చెప్పు" అన్నాడు. నమ్మనోళ్లందరూ మళ్లీ అత్తకే ఫోన్ చేసి కనుక్కున్నారు. మొగుడు పోయిన గంటలో ఆ మనిషి ఆరుమందికి "నిజమే నాయనా" అని చెప్పుకోవాల్సి వచ్చింది. తప్పు వాళ్లది కాదు. నన్ను ఎరిగినోళ్లు ఎవరన్నా ఇది చదువుతా ఉంటే ముందే చెప్తున్నాను, ఇందులో తమాషా ఏమీ లేదు.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి పోయే రోడ్డు మీద బండ్లు బాగుచేసే మా షెడ్డు. ఇరవై రెండేండ్లు మేస్త్రీ కింద పని చేసినాను. వరసకు ఏమీ కాడు, అయినా మామా అనే పిలిచినాను. లారీల కాలం మనిషి. పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్డు కార్లు మా పక్కకు రావడం మొదలైనప్పుడు ఆయనకు యాభై ఎనిమిదేండ్లు. తక్కిన షెడ్డులోళ్లు ఆ నారింజ రంగు వైర్లు చూసి, "మాకొద్దు సామీ, మద్రాసుకు తీసకపో" అని పంపించేసేవాళ్లు. ఈయన రబ్బరు గ్లౌజులు కొనుక్కుని మద్రాసు పోయి, నెలరోజులు ఎవరో కుర్రమేస్త్రీ వెనకాల చేతులు కట్టుకుని నిలబడి నేర్చుకుని వచ్చినాడు. వచ్చినాక నాతో చెప్పింది ఒకే ముక్క. "నారింజ వైరు ముట్టుకుంటే నీ తమాషాలన్నీ ఒకే దెబ్బకు ఆగిపోతాయి."

నేను పదోక్లాసు తప్పినాను, అదీ ఇంగ్లీషులో. అయినా మా షెడ్డులో ఇంగ్లీషు చదివేది నేనే. ఒకసారి బండి బుక్కు చూసి, గేరు ఆయిలు ఆయుష్షంతా మార్చక్కర్లేదని రాసుందని చెప్పినాను.

"ఎవరి ఆయుష్షు? బండిదా, బుక్కుదా?" అన్నాడు.

"అది రాయలేదు మామా."

"ఆ రాసినోడు మే నెల కత్తిరి ఎండలో అయిదుమందిని ఎక్కించుకుని, ఏసీ పెట్టుకుని తిరుత్తణి కొండ ఎక్కలేదురా."

అందుకని ఆయన లెక్క వేరే. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనేదాని కన్నా ఎట్లా తిరిగింది అని అడిగేవాడు. కొండకు ఎన్నిసార్లు పోతారు, ఎండలో నిలబెడతారా, వెనక సీట్లో ఎంతమంది కూర్చుంటారు. అడిగినాక ఒక అంకె చెప్పేవాడు, ఇన్ని తిరిగినాక రాండి అని. పాత ఆయిలు రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, ఒక చిన్న గాజుసీసాలో పోసేవాడు. పక్కన కొత్త ఆయిలు సీసా. వచ్చినోళ్లకు ఉపన్యాసం ఉండదు, ఆ రెండు సీసాలూ ఎండకు పట్టి చూపించేది, అంతే. బండిని చల్లబరిచే కూలెంటు కథా అట్లే. ఈ బండ్లకు ఇంజనుకొక నీళ్ల డబ్బా ఉంటే, కరెంటు మార్చే ఇన్వర్టరుకు ఇంకొకటి ఉంటాది. జనం మొదటిది నింపి మూత దించేస్తారు. "ఇంట్లో రెండు పొయ్యిలుంటే రెండింటినీ చూడాల గదా" అని, ఆయన బానెట్టు ఎత్తగానే మొదట రెండో డబ్బా దగ్గరికే వంగేవాడు.

ఆ కూలెంటు విషం, గులాబీ రంగులో ఉంటాది. ఒకరోజు నేను కడిగి ఆరబెట్టిన కొత్త కూలెంటు డబ్బాలో రోజ్‌మిల్క్ పోసుకుని, ఆయన చూస్తా ఉండగా గటగటా తాగి, కడుపు పట్టుకుని కింద పడినాను. ఆ మనిషి పరిగెత్తుకుంటా వచ్చి, నా నోరు బలవంతాన తెరిచి, రెండు వేళ్లు గొంతులో దించి మొత్తం కక్కించినాడు. పొద్దున తిన్న ఇడ్లీతో సహా. నేల మీద పడినదాన్ని వాసన చూసినాక గానీ ఆయనకు అర్థం కాలేదు. తిట్టలేదు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మాత్రం, "ఇంక ఈ షెడ్డులో తాగేదేదన్నా స్టీలు చెంబులోనే" అన్నాడు. ఈ రోజుకీ అంతే.

నేను రాయాల్సింది మాత్రం ఇది కాదు.

మేస్త్రీ చేతికి ఒక గుణం ఉండేది. హైబ్రిడ్డు బండిలో వెనక సీటు కింద పెద్ద బ్యాటరీ ఉంటాది. దాన్ని చల్లబరిచే ఫ్యాను లోపలి గాలి పీల్చి, డిక్కీ పక్కన ఒక గొట్టంలోంచి బయటికి తోస్తాది. బండి రాగానే ఆయన ఆ గొట్టం ముందర చెయ్యి తిరగేసి పెట్టి, కండ్లు మూసుకుని, బ్యాటరీ వేడి ఎన్ని డిగ్రీలుందో చెప్పేవాడు. నేను బండికి తగిలించిన స్కానరును నా ఫోనులో చూసి చదివేవాణ్ని. ఆయన ముప్పై ఆరంటే ఫోనులో ముప్పై ఆరో, ముప్పై ఏడో. ఎన్నేండ్లు ఆడినామో ఆ ఆట. ఫోనులో ఆయన చూసుకునేవాడు కాదు. దగ్గరి చూపు పోయింది, గ్రీజు చేతులతో అద్దాలు పెట్టుకోడు, తెర మీద ఇరవై అంకెలుంటే ఏది దేనిదో ఇంగ్లీషు తెలిస్తేనే తెలుస్తాది. నేను చదివిందే అంకె.

రెండేండ్ల కిందట తిరుత్తణి టీచరమ్మ బండి వచ్చింది. మేస్త్రీ చెయ్యి పెట్టి "ముప్పై తొమ్మిది" అన్నాడు. ఫోనులో ముప్పై తొమ్మిదే ఉంది. నేను "యాభై ఒకటి" అని చదివినాను.

చుమ్మా, ఊరికే. ఒక్కసారి ఓడితే ఆయన మొహం ఎట్లుంటాదో చూడాలని.

మొహం ఏమీ మారలేదు. చెయ్యి వైపు చూసుకున్నాడు. నీళ్లలో కడిగి, తుడిచి, మళ్లీ గొట్టం ముందర పెట్టినాడు. "యాభై ఒకటా?" అన్నాడు మెల్లగా. నేను తల ఊపినాను. టీచరమ్మ కంగారు పడింది. టీ తాగేటప్పుడు చెప్పేద్దాం అనుకున్నాను. ఈ లోపల ఆయన వెనక సీటు పక్కనుండే గాలి ఫిల్టరు ఊడదీసినాడు. దాన్నిండా వెంట్రుకలు. టీచరమ్మ ఇంటికి చుట్టాలొస్తే ఆ బండిలోనే కొండకు తీసుకుపోయి గుండు కొట్టించుకుని వస్తారు, తడి తువ్వాళ్లు ఆ ఫిల్టరు ముందరుండే గాలి జల్లెడ మీదనే వేస్తారు. రెండు గంటలు కూర్చుని బ్రష్షుతో అంతా తీసినాడు. "మంచిపని చేసినావురా, నువ్వు చూడకపోతే నేను ముప్పై తొమ్మిదని పంపించేసుందును" అన్నాడు. ఆ మాటన్నాక నేను చెప్పేది మానుకుని, టీ చెంబులు కడిగేదానికి పోయినాను.

ఆ రోజు నుంచి ఆయన అంకె చెప్పలేదు. బండి వస్తే, "ఎంత చూపిస్తా ఉంది?" అని నన్నే అడిగేవాడు. చెయ్యి మొద్దుబారిందని డాక్టరు దగ్గరికి పోయినాడు. డాక్టరు సూదితో గుచ్చి చూసి, చేతికేమీ లేదు పెద్దాయనా అన్నాడంట. "ఆయనకు బండ్ల సంగతి ఏం తెలుసు" అన్నాడు మేస్త్రీ. నలభై ఏండ్లు ఆయన్ను నడిపించిన చెయ్యి. నేను ఒక్క మాటతో తీసేసినాను. తిరిగి ఇయ్యాలంటే నిజం చెప్పాల. రేపు, ఎల్లుండి అనుకుంటా రెండేండ్లు గడిపినాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం చెప్పినాను. అన్నం తిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోనున్నాడు.

"మామా, ఒక మాట."

"సెలవా?"

"కాదు. టీచరమ్మ బండికి అప్పుడు యాభై ఒకటి అన్నానే. అబద్ధం. ముప్పై తొమ్మిదే ఉండె. నువ్వు చెప్పిందే కరెక్టు."

"అత్త చెప్పమనిందా?"

"ఏమని?"

"నాకు మనసు బాగలేదు, ఏందన్నా చెప్పి కుశాలు చెయ్యమని."

"లేదు మామా, ఒట్టు."

"నీ ఒట్టు. రోజ్‌మిల్క్ తాగి చచ్చినోడి ఒట్టు." నవ్వినాడు. "మరి ఆ ఫిల్టరులో ఎంటికలు? అవీ నువ్వే పెట్టినావా?"

"అవి నిజమే."

"గాలికి అంత అడ్డం ఉంటే వేడి ఎక్కదా?"

"అప్పటికింకా ఎక్కలేదు మామా."

"మంచిదేలే" అన్నాడు. "నాకోసరం అబద్ధం చెప్పేంత పెద్దోడివైనావు."

షెడ్డులో ఒక హైబ్రిడ్డు నిలబడే ఉంది. చెయ్యి పట్టుకుని లాగినాను, రా, ఇప్పుడే పెట్టి చూడు అని.

"చూసి?" అన్నాడు, కుర్చీలోంచి లేవకుండా. "అంకె చదివేది నువ్వే గదరా."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అన్నాడు. ఇంటికి పోయి అద్దాలు తెచ్చి ఆయన ముక్కు మీద పెట్టి, ఇదిగో ఈ అంకె, నువ్వే చదువుకో అని ఉండొచ్చు. అత్త ఇల్లు అయిదు నిమిషాలు కూడా లేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఊరంతటినీ బోల్తా కొట్టించేదానికి నూరు ఉపాయాలు తోస్తాయి, ఒక్క నిజం నమ్మించేదానికి ఒకటి తోచలేదు.

ఆ మంగళవారం ఇంట్లో ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఎంతని చెప్పలేను. ఏడుపు వస్తాదేమో అని చాలాసేపు కూర్చున్నాను, రాలేదు. అత్త కాఫీ పంపిస్తే తాగినాను. ఇరవై రోజులైంది, ఇంకా రాలేదు. పని చేస్తన్నాను, తింటన్నాను, ఎవరన్నా జోకు చెప్తే నవ్వుతన్నాను కూడా.

కర్మ అయినాక షెడ్డు తీసినాను. నిన్న టీచరమ్మ వచ్చింది. గేరు ఆయిలు మార్చే అంకె వచ్చేసిందంట, మేస్త్రీ చెప్పిందే. ఆయిలు మార్చినాను, రెండో డబ్బా చూసినాను, ఫిల్టరు తీసి దులిపినాను. ఆఖర్న స్కానరు తగిలించినాను.

"బ్యాటరీ ఎంతుంది?" అని అడిగింది.

నోరు తెరిచినాను. తెరిచి, అంకె నేను చదవకుండా ఫోను ఆమె వైపు తిప్పి, బ్యాటరీ అంకె కింద నా వేలు పెట్టి పట్టుకున్నాను. బయటి ఎండ పడి తెర తెల్లబారి అంకె కనపడలేదు. టీచరమ్మ సంచి కింద పెట్టి, అద్దాలు సర్దుకుని, ఫోను మీదికి వంగి, ఎండకు అరచెయ్యి అడ్డం పెట్టింది.