గార్డు పెట్టె, నూట పదమూడో పెంకు

ఆ రోజుల్లో చేతిలో టేపు ఉంటే చాలు, లోకంలో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయినా, పాత లెక్కల పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను కాబట్టి, కాలేజీవాళ్లకంటే నాకే ఎక్కువ వచ్చని గట్టి నమ్మకం (ఇరవై రెండేళ్ల వయసులో అలాంటి నమ్మకాలకు ఆధారాలు అక్కర్లేదు). డెబ్భైల చివర్లో పెనుగొండలో మా మావయ్య ఇంట్లో ఉండేవాణ్ణి. ఆయన గూడ్సు బళ్లలో గార్డుగా చేసి రిటైరయ్యారు. బండికి చిట్టచివర, చిన్న వరండాతో, లోపల చేతి బ్రేకు చక్రంతో ఉండే చెక్క గార్డు పెట్టెలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఇనప పెట్టెలు వచ్చాక చెక్కవాటిని ఒక్కొక్కటే విప్పి కట్టెల కింద అమ్మేశారు. మా బ్రాంచి లైనులో ఒక్కటే మిగిలింది. మావయ్య నిడదవోలు వెళ్లి, చక్రాలు తీసేసిన ఆ పెట్టెను వేలంలో పాడుకుని వచ్చారు.

అత్తయ్య విని, ఈయన ఆఫీసుకు వెళ్లడం మానేస్తే ఆఫీసే ఇంటికొస్తోందని నెత్తి కొట్టుకుంది. చివరికి ఒక షరతు పెట్టింది. తెచ్చిన రోజు దీపాలు పెట్టేలోగా అది దొడ్లోకి చేరాలి. చేరకపోతే ఇటుక బట్టీవాడు కట్టెలకు అడుగుతున్నాడు, వాడికి ఇచ్చెయ్యాలి. మావయ్య సరేనన్నారు గానీ, ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

దాంతో దారి కొలిచే పని నా మీద పడింది. కరెంటు తీగల ఎత్తు వెదురుగడతో చూశాను. మలుపుల్లో తాడు పరిచాను. అన్నిటికంటే ఇరుకు శెట్టిగారి కిరాణా కొట్టున్న వీధి. గోడ నుంచి గోడకు పన్నెండడుగులు, పెట్టె వెడల్పు తొమ్మిది. మూడడుగుల మిగులు, పక్కనుంచి గేదె కూడా పోవచ్చని మావయ్యకు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను (సంతకం ఆయన అడగలేదు).

కలప లారీ మీద పెట్టె వచ్చింది. వెనక వరండాలో పాత యూనిఫారంలో మావయ్య. ఆయన పచ్చజెండా ఊపితేగానీ డ్రైవరు కదలడానికి వీల్లేదు. ఊరంతా చూస్తుండగా శెట్టిగారి వీధిలోకి తిరిగింది, సగంలో కిర్రుమని ఆగింది. మావయ్య ఎర్రజెండా చాపారు.

నేను నేల మీద కొలిచాను. శెట్టిగారి చూరు గాలిలో ఉంది. గోడ నుంచి మూడడుగుల నాలుగంగుళాలు ముందుకొచ్చి, పెట్టె భుజం దగ్గర ఆనుకుంది. తగ్గింది నాలుగంగుళాలు. శెట్టిగారు కొట్లోంచి దిగి వచ్చి, ఏంటిదని అడిగారు. నోరు మూసుకుని ఉండాల్సింది.

"లెక్క తప్పలేదండి. మీ ఇల్లే ముందుకొచ్చింది," అన్నాను.

ఆయన మావయ్య వైపు తిరిగి, ఒక్క పెంకు పగిలినా ఊరుకోనని చెప్పారు. వెనక్కి తీసి బట్టీవాడికి కబురు పెట్టుకోమన్నారు (అత్తయ్య షరతు అప్పటికే ఊరంతటికీ తెలుసు). అప్పటికే పొద్దు వాలుతోంది. మావయ్య కిందికి దిగి, జెండాలు చంకలో పెట్టుకుని చేతులు జోడించారు.

"శెట్టిగారూ, ఇరవయ్యారేళ్లు ఇందులో కూర్చుని ఊళ్లన్నీ నన్నొదిలి వెనక్కి పోవడమే చూశానండి. ఇదొక్కటీ నాతో ఉంటే చాలు."

శెట్టిగారు కొట్లోకెళ్లి, తక్కెడ పక్కనున్న సుద్దముక్క తెచ్చారు. "ఆ లెక్కల అబ్బాయిని ఎక్కమనండి," అన్నారు చివరికి. "పెంకు పెంకుకీ నంబరెయ్యాలి. ఎక్కడిదక్కడే పెట్టాలి."

రెండు వరసల బెంగుళూరు పెంకులు, మొత్తం నూట పన్నెండు. సుద్దతో నంబర్లు వేసి ఆయన అరుగు మీద పేర్చాను. పెట్టె సాఫీగా సాగిపోయి, అత్తయ్య వత్తి సవరిస్తుండగా దొడ్లోకి చేరింది. ఆవిడ లోపలికెళ్లి మావయ్యకు కాఫీ తెచ్చి వరండా మీదికే అందించింది.

మర్నాడు పొద్దున పెంకులు తిరిగి పేర్చాను. అన్నీ ఎక్కాక అరుగు మీద ఇంకొకటి మిగిలింది. దాని మీద సుద్దతో 113. ఆ మూడు తల చదునుగా ఉంది, నేను మూడుకి తల గుండ్రంగా వేస్తాను. కానీ ముందురోజు తప్పినవాడికి తన చేతిరాత మీద కూడా నమ్మకం ఉండదు. నాలుగు ఆదివారాలు ఆ కప్పెక్కి ఖాళీ ఎక్కడుందా అని వెతికాను. శెట్టిగారు కింద నిలబడి, "దొరికిందా అబ్బాయ్? వానాకాలం వస్తోంది," అనేవారు దిగులుగా.

చాలా ఏళ్లకు ఆ ఇల్లు తీసి డాబా కడుతున్నప్పుడు ఆయనే చెప్పారు, తన దొడ్లో పడున్న పాత పెంకు మీద ఆ రాత్రి తానే నంబరు రాశానని. "నా ఇల్లే తప్పన్నావు కదా," అని కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

మావయ్య ఇప్పుడు లేరు. ఆ పెట్టెకు ఏటా రంగు నేనే వేయిస్తాను. ఆ పెంకు బ్రేకు చక్రం పక్కన ఉంటుంది. ఇప్పటికీ ఏ లెక్కయినా ముగించి గీత గీసే ముందు, తలెత్తి ఒకసారి పైకి చూస్తాను. అక్కడేమీ ఉండదు. అయినా చూస్తాను.