గరిటె బాబాయ్ ఎర్ర సాస్

గాజు సీసాల ఫ్యాక్టరీ క్యాంటీన్లో అతన్ని అందరూ గరిటె బాబాయ్ అంటారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి కూడా చప్పున గుర్తు రాదు. వంటలో అందె వేసిన చెయ్యి. ఆ చెయ్యిని చూసుకుని మురిసిపోవడంలో ఇంకా అందె వేసినవాడు. భోజనాల వేళ ముగిశాక పళ్లేలు కడిగే చోట నిలబడి, ఎవరు ఏం మిగిల్చారో చూస్తాడు. ఏమీ మిగలకపోతే మీసం దువ్వుకుంటాడు. మిగిలితే, పాపం ఆ తిన్నవాడికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంటాడు తప్ప, వంట బాగాలేదేమో అన్న అనుమానం అతని దరిదాపులకు రాదు.

అలాంటివాడికి సొంత ఇంట్లోనే పళ్లెం వెనక్కి రావడం మొదలైంది.

అది అక్క పళ్లెం. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. దర్జీ కొట్లో మిషను తొక్కి తొక్కి తమ్ముణ్ణి ఓ దారిన పెట్టి, పెళ్లి చేసి, ఇప్పుడు వాళ్లతోనే ఉంటోంది. ఒంట్లో షుగరుంది. కత్తెర పడి కుడికాలి బొటనవేలికైన పుండు ఎంతకీ మానలేదు.

"అన్నం, రొట్టె, బంగాళాదుంప, తీపి, అన్నీ బంద్. షుగరు దిగితే పుండు మానుతుంది. దిగలేదా, వేలు తీసేయాల్సి వస్తుంది," అని డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వేలు పోతే మిషను ఎలా తొక్కాలిరా అని దారంతా అక్క ఒకటే బెంగ.

"తిండి సంగతి నాకొదిలెయ్. నేను లేనూ?" అన్నాడు తమ్ముడు.

తిండి దొరకడం నిజంగానే పెద్ద పని కాలేదు. గుడ్లు, చేపలు, కోడిమాంసం, పుట్టగొడుగులు, అన్నానికి బదులు సన్నగా తురిమిన కాలీఫ్లవర్. చిక్కంతా వాటి మీద పోసే సాస్ దగ్గర వచ్చిపడింది. ఏమీ పోయకపోతే ఆ కాలీఫ్లవర్ తడిగుడ్డ నమిలినట్టుంటుంది. బజార్లో ఏ సీసా మూత తీసినా తీపే. పెరుగులో వెల్లుల్లి నూరి కలిపాడు. నువ్వులు నూరాడు. వేరుశనగలు వేయించి నూరి నిమ్మకాయ పిండాడు. అక్క నాలుగు ముద్దలు తిని, "చాల్రా, కడుపు నిండిపోయింది," అని పళ్లెం పక్కకి జరిపేది. అందులో మిగిలింది చూస్తే అతనికి తల కొట్టేసినట్టయ్యేది.

ఒకరోజు టమాటాలు కాల్చి, నూరి, ఉడకబెట్టాడు. నీళ్లనీళ్లగా, నోట్లో పెట్టుకోలేనంత పుల్లగా వచ్చింది. క్యాంటీన్లో అయితే ఏం చేసేవాడో చెయ్యి అదే చేసేసింది. రెండు చెంచాల మైదా, గుప్పెడు పంచదార. వేశాక గానీ స్పృహ రాలేదు. పారబోద్దామనుకుంటూనే కాస్త నాలుక మీద వేసుకున్నాడు. అదిరిపోయింది. ఒక్కపూటకి ఏమవుతుందిలే అనుకున్నాడు.

అక్క పళ్లెం ఊడ్చేసింది. "ఇదీ వంటంటే! ఇన్నాళ్లూ ఈ చెయ్యి ఎక్కడ దాచావురా?" అంది. ఆ మాటతో అతని కాళ్లు నేల మీద ఆనలేదు.

మర్నాడు ఆ ఎర్ర సాసే చెయ్యమంది. చేశాడు. ఇక రోజూ అదే, రెండు పూటలా. అక్క కోసమేగా అని తనకు తను సర్దిచెప్పుకున్నాడు గానీ, ఖాళీ పళ్లెం కోసమేనని లోపల తెలుస్తూనే ఉంది.

నెల తిరిగి పరీక్ష చేయిస్తే షుగరు దిగలేదు సరికదా, ఇంకాస్త పైకెక్కి కూర్చుంది. డాక్టరు అక్క వంక అదోలా చూశాడు. "చాటుగా ఏమైనా తింటున్నారామ్మా?"

"ఒట్టు బాబూ, ఏమీ ముట్టుకోలేదు."

పక్కనే ఉన్న తమ్ముడు తేలు కుట్టిన దొంగలా కిమ్మనకుండా కూర్చున్నాడు. ఇంకో నెల చూసి వేలి సంగతి తేలుద్దామన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చాక అతని భార్య పంచదారా, పిండీ, బిస్కెట్లూ ఉన్న అలమారకి తాళం వేసింది. "ఏమీ అనుకోకండి వదినా, మీ మంచికే," అంటూ తాళంచెవి తీసుకెళ్లి మొగుడి చేతిలో పెట్టింది. అతనికి అరచెయ్యి కాలినట్టయింది. అయినా ఒక్కసారిగా మానేస్తే రుచి మారి బయటపడిపోతానని, రోజుకింత తగ్గిద్దామని లెక్కలు వేసుకున్నాడు, పిరికివాడు.

అక్క మాత్రం టీలో పాలు మానేసింది. గుడ్డు సగమే తినేది. అయినా భయం పోలేదు. ఆ వారంలోనే ఓ సాయంత్రం తమ్ముణ్ణి పక్కకి పిలిచి, "నిద్దట్లో లేచి నాకు తెలీకుండానే ఏమైనా తినేస్తున్నానేమోరా. నా గదికి బయట గడియ పెట్టు," అంది.

"ఊరుకో అక్కా, అవేం మాటలు!"

"పెట్టరా. లేకపోతే నాకు నిద్ర పట్టదు."

పెట్టాడు. తనను ఎత్తుకుని పెంచిన మనిషిని గదిలో పెట్టి, తన చేత్తోనే గడియ వేశాడు. పొద్దున తీయగానే అక్క చిన్నపిల్లలా, "రాత్రి లేచానా? తలుపేమైనా తట్టానా?" అని అడిగింది. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ రోజు క్యాంటీనుకి సెలవు పెట్టాడు. టమాటాలు కాల్చి, నువ్వులు, వెల్లుల్లి నూరి కలిపి దించేశాడు. అంతే, ఇంకేమీ వెయ్యలేదు. అక్క ఒక ముద్ద తిని తలెత్తింది.

"ఇవాళ చెయ్యి మారిందేంట్రా?"

"చెయ్యి మారలేదక్కా. ఇన్నాళ్లూ అందులో పంచదార పోశాను. మైదా కూడా. నువ్వు తినాలని... కాదు, నా వంట బాగుందనాలని. నువ్వేమీ దొంగతనంగా తినలేదు. తినిపించింది నేను."

అతని భార్య చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "వదినా, నేను మిమ్మల్ని అనుమానించి..." అంటూ ఏడ్చేసింది. అక్క ఆ పుల్లటి సాస్ కలుపుకుని, ఒక్కో ముద్దా ముఖం చిట్లించుకుని మింగి, పళ్లెం మొత్తం ఖాళీ చేసింది.

"చిన్నప్పుడు నువ్వు చేదుమందు ఉమ్మేస్తే ముక్కు మూసి మింగించాను," అంది చివరికి. "నీచేత మంచిదాన్ననిపించుకోవాలని పంచదార కలిపానా?"

చెయ్యి కడుక్కుని, కుంటుకుంటూ గది దాకా వెళ్లి, గడప దగ్గర ఆగింది.

"ఇవాళ్టి నుంచి గడియ పెట్టవు కదరా?" అంది.

తిట్టలేదు, నిజంగానే అడిగింది. అతను లేచాడు. వెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చి, తలుపు దగ్గర కూర్చుని గడియ ఊడదీయడం మొదలుపెట్టాడు.