మూడు పాఠాల టీచరమ్మ

మా బడిలో మూడో తరగతి చెప్పే ఆవిడకు ఆ పేరు పెట్టింది నేనే. నేను డ్రిల్లు మాస్టారిని. బంతులు, తాళ్లు, చాపలు పడేసుకునే నా గదికీ ఆమె తరగతికీ మధ్య ఒక్క చెక్క అడ్డు. అవతల ఏం జరిగినా నా చెవిన పడాల్సిందే. మిగతా తరగతుల్లో ఒక గొంతు చెబుతుంది, పిల్లలందరి గొంతులూ అప్పజెబుతాయి. ఈవిడ గదిలో ఒకే పాఠానికి ఒక మూల లెక్కపెట్టే గుండీలు గలగలలాడుతుంటాయి, ఇంకో మూల ఎవరో సుద్దగీతల మధ్య గెంతుతుంటారు, నల్లబల్ల దగ్గర మరేదో రాద్ధాంతం. అన్నం తిన్నాక కాస్త నడుం వాల్చుదామనుకునే నాలాంటివాడికి ఇంతకంటే శిక్ష లేదు.

"ఒక్క ఎక్కం చెప్పడానికి ఇన్ని వేషాలు ఎందుకమ్మా?" అని ఒకసారి అడిగేశాను.

"మీ పరుగుపందెంలో కాలు బెణికినవాణ్ణి ఏం చేస్తారు మాస్టారూ?"

"పక్కన కూర్చోబెడతాను."

"నాకు ఆ వీలు లేదుగా. అందరూ అవతలి గీత దాటాలి," అంది. అని మళ్లీ గుండీలు ఏరుకుంది. నాకు ఒళ్లు మండి నా గదిలోకి వచ్చేశాను.

ఆమె భర్త బస్సు డ్రైవరు. మంచి హాస్యగాడు. "బడిలో పూటకు మూడు పాఠాలు వండి వడ్డిస్తుందండీ, ఇంట్లో మాత్రం మూడు రోజులకూ ఒకటే కూర," అని నవ్వించేవాడు. ఆ కూర కూడా తనే వండుతాడని తర్వాత తెలిసింది.

చేరిన కొత్తలో ఆమె ఇలా లేదు. అందరిలాగే గొంతు చించుకునేది. ఒక వానాకాలం ఆ గొంతు కాస్తా పూర్తిగా పోయింది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు, బడివాళ్లు సెలవు లేదన్నారు. గొంతు తిరిగి వచ్చేదాకా పాఠాలన్నీ బల్ల మీద రాసే చెప్పింది. నత్తికి సిగ్గుపడి ఎన్నడూ నోరు విప్పని పిల్లవాడు ఆ రోజుల్లో అందరికంటే ముందు జవాబులు రాసి చూపించాడు. ఎప్పుడూ ముందుండే పిల్లలు కొందరు బిక్కమొహాలు వేశారు. ఇన్నాళ్లూ తాను తరగతిలో సగానికే చెబుతూ వచ్చానని ఆమెకు అప్పుడు తెలిసింది. ఇంటికి వెళ్లి ఏడ్చిందట. అప్పటినుంచీ ఈ గుండీలు, ఈ గెంతులు.

ఇక బొంగరం సంగతి. అది ఆమె తరగతిలో ఒక ఆడపిల్ల ముద్దుపేరు. కాగితం మీద అంకెలు కనబడితే ఆ పిల్ల మొహం వాడిపోయేది. అదే లేచి గుండ్రంగా తిరుగుతూ, లెక్కను పైకి చెప్పుకుంటూ పోతే, రెండు చుట్లు తిరిగేసరికి జవాబు నోట్లో ఉండేది. చూసి చేసేది కాదు, నడిచి చేసేది. అదే తరగతిలో అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే పేరు కొట్టేసి, ఊరికి ఆ చివర ఉన్న ప్రత్యేక బడికి పంపాలని మా బడి నియమం. తల్లి లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. వేరే దిక్కు లేదు. పొద్దున్నే పనిలోకి వెళ్లకపోతే ఆ పని పోతుంది.

"అంత దూరం ఎవరు దింపుతారమ్మా? ఇంట్లో పెట్టి తాళం వేసుకుని వెళ్లడమే," అని ఆ తల్లి టీచరమ్మతో చెప్పింది. కోపంగా కూడా కాదు, మామూలుగా చెప్పింది. ఆ మాట విన్న రోజు నుంచీ టీచరమ్మకు తిండి సయించలేదు.

హెడ్మాస్టరును కాళ్లావేళ్లా పడి బతిమాలింది. పరీక్షకు పిల్లను వరండాలో కూర్చోబెట్టనివ్వమంది, తిరగనివ్వమంది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. "ఒకరికి ఒప్పుకుంటే రేపు అందరి అమ్మానాన్నలూ నా ప్రాణం తీస్తారు. తిరగడం కుదరదు. పెదాలు కదుపుకుంటే మాత్రం నేను చూడనట్టు ఊరుకుంటాను," అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె పడిన పాట్లు నేను చూశాను. మధ్యాహ్నం విరామంలో నా గదిలో చాపలు జరిపి ఇద్దరూ కూర్చునేవారు. అడుగులు వేయడానికి బదులు రెండు వేళ్లను బల్ల మీద నడిపించడం నేర్పింది. గొంతుకు బదులు పెదాలు. మొదట్లో ఆ పిల్ల వేళ్లు కదిలిస్తూ తనూ లేచి నిలబడేది. టీచరమ్మ మళ్లీ కూర్చోబెట్టేది. మళ్లీ లేచేది. ఒకనాడు టీచరమ్మ తలుపు చాటుకు వెళ్లి నుదురు గోడకు ఆనించి నిలబడింది.

"నాకు భయంగా ఉంది మాస్టారూ. ఈ పిల్ల ఆ తాళం వెనక ఉంటే నేను అన్నం ఎలా తింటాను?" అంది.

నాకు ఓదార్చడం చేతకాదు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను.

కానీ పరీక్షలు దగ్గరపడేసరికి పిల్ల దారిలో పడింది. కూర్చున్న చోటే వేళ్లు గుండ్రంగా నడుస్తున్నాయి, పెదాలు చప్పుడు లేకుండా ఆడుతున్నాయి, జవాబు కాగితం మీదకు దిగుతోంది. పోయిన ఏడాది లెక్కల కాగితమంతా నా ఎదుటే చేసింది. ఆ రోజు టీచరమ్మ నా చాప మీదే కూర్చుని అన్నం డబ్బా ఖాళీ చేసింది.

లెక్కల పరీక్ష రోజు వేరే బడి నుంచి ఇన్విజిలేటరు వచ్చాడు. గుసగుస వినపడితే కాగితం లాక్కుంటాడని పేరున్నవాడు. హెడ్మాస్టరు పొద్దున్నే టీచరమ్మను గుమ్మంలో ఆపాడు. "మీది అసలే గోల తరగతి. ఈ ఒక్కరోజూ నా పరువు కాపాడండి," అన్నాడు. ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు. వరుసలో నిలబడిన పిల్లల ముందుకు వెళ్లింది.

"అందరూ వినండి. ఈరోజు ఎవరూ నోరు మెదపకూడదు. చేతులు ఆడించకుండా బుద్ధిగా కూర్చోవాలి. నాకు చెడ్డపేరు తేకండి," అంది.

నేను పక్కనే ఉన్నాను. ఏ టీచరైనా చెప్పే మాటలే అవి. నాకూ ఏమీ తట్టలేదు.

సొంత తరగతికి కాపలా ఉండకూడదు కాబట్టి ఆమెను ఎదురుగదిలో పై తరగతికి వేశారు. గంట కొట్టే పని, వరండా పని నావి. పరీక్ష సగం కాకముందే ఆమె గుమ్మంలోకి వచ్చి నాకు సైగ చేసింది. తన తరగతి కిటికీలోంచి చూడమంది. చూశాను. బొంగరం రెండు చేతులూ బల్ల మీద బోర్లించి, పెదాలు బిగించి, నిటారుగా కూర్చుని ఉంది. ముందున్న కాగితం తెల్లగా ఉంది.

"నేను పొద్దున అందరికీ కలిపి చెప్పేశాను మాస్టారూ," అంది టీచరమ్మ. "నీకు కాదమ్మా అని దానికి విడిగా చెప్పలేదు. మీరు వెళ్లి ఒక్క మాట చెప్పండి. వేళ్లు కదపమని చెప్పండి చాలు."

వెళ్లాను. ఇన్విజిలేటరు గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది పరీక్ష హాలు మాస్టారూ, మీ ఆటస్థలం కాదు. ఏ పిల్లకూ ఎవరూ ఏమీ చెప్పకూడదు." నేను చెప్పబోయింది సగంలో ఉండగానే తలుపు వేశాడు. హెడ్మాస్టరు కోసం వెతికాను. ఆయన పక్క భవనంలో ఉన్నాడు. ఆయన్ను పట్టుకుని తెచ్చేసరికి చివరి గంట నేనే కొట్టాల్సి వచ్చింది. ఆ గంట కొట్టడానికి చెయ్యి రాలేదు, నిజం. అయినా కొట్టాను.

పిల్లలు బయటికి వచ్చారు. బొంగరం పరుగెత్తుకొచ్చి టీచరమ్మ చీరకొంగు పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది.

"నేను ఒక్క మాట మాట్లాడలేదు టీచర్. వేలు కూడా కదపలేదు."

టీచరమ్మ ఆ పిల్లను అలాగే చెయ్యి పట్టుకుని హెడ్మాస్టరు గదికి తీసుకెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. అప్పటికి కాగితాలన్నీ కట్టకట్టి, ముడి మీద లక్క వేసి ఉన్నాయి. "తప్పు నాది. మీరే అడగండి, మీ ముందే చెబుతుంది," అని బతిమాలింది. ఆయన విసుక్కుంటూనే ప్రశ్నలు తీశాడు. మొదటిది చదివాడు. పిల్ల నోరు విప్పలేదు. టీచరమ్మ వైపు చూసింది.

"చెప్పు తల్లీ, తిరుగుతూ చెప్పు."

"మీకు చెడ్డపేరు వస్తుందేమో టీచర్."

టీచరమ్మ రాదని తల అడ్డంగా ఊపింది. అప్పుడు ఆ పిల్ల లేచి కుర్చీల మధ్య తిరగసాగింది. పైకి చెప్పుకుంటూ, చుట్టు తర్వాత చుట్టు, మొదటి లెక్క చెప్పింది, రెండోది చెప్పింది, చివరిదాకా చెప్పింది. హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అన్నీ సరిగ్గానే చెప్పింది," అన్నాడు మెల్లగా. "కానీ దిద్దడానికి పైకి పంపేది ఈ కట్ట. దీంట్లో ఉన్నది తెల్లకాగితం. నేనేం చేసేది?" ఆ మనిషి మీద నాకు పుట్టెడు కోపం వచ్చింది. అరిచాను కూడా. ఆయన తల దించుకుని కూర్చున్నాడే గానీ ఆ ముడి విప్పలేదు.

గేటు దగ్గర తల్లి కాచుకుని ఉంది. పని మధ్యలో వచ్చినట్టుంది, చేతులకు ఇస్త్రీ వేడి ఎరుపు ఇంకా పోలేదు. బొంగరం ముందు పరుగెత్తి, "అన్నీ చెప్పేశానమ్మా," అంది. తల్లి మొహం విప్పారింది. టీచరమ్మకు దణ్ణం పెట్టబోయింది.

టీచరమ్మ ఆ చేతులు పట్టుకుని ఆపింది. "పిల్ల తప్పినట్టేనమ్మా. కాగితం మీద ఏమీ లేదు," అంది.

తల్లి పిల్ల వైపు చూసింది, మళ్లీ టీచరమ్మ వైపు చూసింది.

"అదేంటమ్మా? మీరు చెప్పినట్టు చెయ్యలేదా ఇది?"

"చేసింది," అంది టీచరమ్మ. "నేను చెప్పినట్టే చేసింది."