మా నాన్న టిఫిన్ డబ్బా

దయ్యాలూ ఆత్మలూ నేను నమ్మను. మెడికల్ షాపులో పనిచేస్తాను, షుగర్ మీటరు చూపించిందే నమ్ముతాను. ఇది చదివి మీరు నవ్వుకున్నా ఫర్వాలేదు. నా కోపం దయ్యాల మీద కాదు.

మా నాన్న ఇరవై ఏళ్లు ఖమ్మం నుంచి భద్రాచలం అడవుల మీదుగా ఒడిశాకు లారీ తోలాడు. ఆ లైనుకు వెళ్లినప్పుడల్లా ఇంటి నుంచే డబ్బా కట్టించుకునేవాడు. హోటల్లో తింటే ఆస్తులు కరిగిపోతాయా అని మేము ఏడిపించేవాళ్లం. పిసినారి అనేవాళ్లం. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పోయి ఆరేళ్లయింది.

మొన్న వేసవిలో అమ్మను తీసుకుని ఒడిశాలో ఉన్న చెల్లి ఇంటికి కారులో బయలుదేరాను. పాల్వంచ దాటాక మధ్యాహ్నం ఒక హోటల్ దగ్గర ఆగి రెండు భోజనాలు చెప్పాం. అన్నం వస్తోంది కదా అని అమ్మ బల్ల దగ్గరే ఇన్సులిన్ వేసుకుంది.

అప్పుడు యజమాని వచ్చాడు. అమ్మ బురఖా చూశాడు. నన్ను పేరడిగాడు, చెప్పాను. అన్నం అయిపోయిందన్నాడు. పక్క బల్ల దగ్గర రెండోసారి వడ్డిస్తున్నారు. ఇంజెక్షన్ వేసుకుంది, తినకపోతే షుగర్ పడిపోతుంది, ఓ ముద్దయినా పెట్టండని బతిమాలాను. ఆ బతిమాలడం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"చెప్తున్న గదా లేదని. ఎల్లిపోండ్రి" అన్నాడు.

కారులో ఉన్న బిస్కట్లు అప్పటికే అయిపోయాయి. దుకాణాలున్న పాల్వంచకు వెనక్కి తిప్పాల్సింది. తిప్పితే మళ్లీ ఆ హోటల్ ముందు నుంచే పోవాలి. ఆ ముఖం చూడలేక, కోపంలో, పక్కనే కనిపించిన అడవి దారిలోకి తిప్పేశాను. అది నా తప్పే.

అరగంటకు అమ్మకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. మీటరులో యాభై రెండు. ముందూ వెనకా చెట్లే. అమ్మ నా పేరు పలకలేకపోతోంది.

మలుపులో నాలుగు గుడిసెలు కనిపించాయి. ఒక కోయ ఆడమనిషి చెయ్యెత్తి కారు ఆపింది. నేను నోరు తెరవకముందే తలుపు తీసి, చేతిలో ఉన్న చెంబు అమ్మ నోటికి అందించింది. బెల్లం నీళ్లు. తర్వాత ఇంట్లోకి తీసుకెళ్లి మంచం వాల్చి, జావ పోసింది. అమ్మ తేరుకుంది.

మీకెలా తెలుసని అడిగాను.

"పొద్దుగాల ఒకాయన చెప్పిపోయిండు అన్నా. తెల్ల కారుల మా ఆమె వస్తది, దారిల తిండి దొరకది, బెల్లం నీళ్లు కలిపి ఉంచమన్నడు."

పొద్దున ఆ దారి మేము అనుకోనే లేదు. ఆయనెవరో తనకూ తెలియదంది. ఖాకీ అంగి, ఎడమ చేతికి రెండు వేళ్లు లేవంది. లారీ తలుపులో నలిగి పోయిన మా నాన్న వేళ్లు అవే.

అమ్మ జావ గ్లాసు కింద పెట్టింది. "ఆయన ఏమైనా తిన్నాడా?" అని అడిగింది.

"కూసోమన్న అమ్మా. డబ్బా తెచ్చుకున్న అని పోయిండు."

చనిపోయిన మనిషి అక్కడికి ఎలా వచ్చాడో ఇప్పటికీ నేను చెప్పలేను. ఆ లైను హోటళ్లలో మాకు తిండి దొరకదని ఆయనకు ఎలా తెలుసో మాత్రం ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లు ఆయన్ని పిసినారి అన్నాం.