కుడి దిక్కు సంచి

కొత్త బైకు సంచిని ప్లాస్టిక్ కవరులోంచి బయటికి తీయగానే ఒక వాసన వస్తుంది. కొత్త చెప్పుల వాసన, కొత్త గొడుగు వాసన, డాక్టరు బల్ల మీద పరిచే రెగ్జిన్ వాసన, మూడింటినీ ఒకే డబ్బాలో కుక్కి ఎండకు పెట్టినట్టు ఉంటుంది. సూరత్‌లో నవాగామ్ రోడ్డు మీద నా దుకాణం షట్టర్ ఎత్తగానే ముందు ఆ వాసనే నన్ను పలకరిస్తుంది, తర్వాతే చాయ్. సీటు కవర్లు కుట్టడం నా అసలు పని. కానీ నాలుగైదేళ్ల నుంచి వరాఛా వజ్రాల వాళ్ల పిల్లలు లదాఖ్ పోతామని, అది కాకుంటే గోవా పోతామని, ఇంట్లో ఒప్పుకోకుంటే సాపుతారా దాకానైనా పోతామని బైకులు వేసుకొని వస్తున్నారు, వాటికి రెండు పక్కలా వేలాడే మెత్తటి సంచులు ఏరి కట్టివ్వడమే ఇప్పుడు పెద్ద కొలువైంది. కొందరు ఇనుప డబ్బాలు అడుగుతారు. బండి పడితే సంచి నలుగుతుంది, డబ్బా నలగదు, కాబట్టి దాని కింద పడ్డ నీ కాలు నలుగుతుంది అంటాను. వెంటనే మెత్తటివే చూపించమంటారు.

అందరూ సంచి రంగు చూస్తారు, జేబులు ఎన్నో చూస్తారు, ఫోటోలో ఎట్లా పడుతుందో చూస్తారు. నేను పోయి బండి కుడి పక్కన గొంతుకూర్చుంటాను. సైలెన్సరుకూ సంచికీ నడుమ నా నాలుగు వేళ్లు పట్టాలి, అదీ ఖాళీ సంచికి కాదు, నిండా సామాను కుక్కి, వెనుక ఒక మనిషిని కూర్చోబెట్టి, గుంతలో దిగినప్పుడు ఎంత కుంగుతుందో అంత కిందికి నొక్కి చూశాక. పట్టకపోతే ఎంత ఖరీదైన సంచైనా అంటగట్టను. ఎడమ పక్కన చీర గార్డు ఉంటుంది, అదే సంచిని చక్రానికి దూరంగా ఆపుతుంది; కుడి పక్కకు ఎవరూ చీర వేలాడేసుకోరు కనుక అక్కడ వేడి గొట్టం తప్ప ఏ దిక్కూ ఉండదు, విడిగా ఒక రేకు బిగించాలి. పట్టీలు సీటు కింది నుంచి పోవాలి, మిగిలిన కొసలు మడిచి కుట్టాలి, లేకుంటే చెయిన్ వాటిని సేమియాలాగ మింగేస్తుంది. యాభై కిలోమీటర్లు పోయాక దిగి ఇంకోసారి బిగించుకోవాలి. ఇవన్నీ చెప్పి, ఆఖరున, కాయితాలు ఏవైనా ఉంటే ఎడమ సంచిలో పెట్టుకొమ్మంటాను. "ఏంటంకుల్, వాస్తు ఉందా దీనికి కూడా?" అని నవ్వుతారు. ఉంది. మా ఇంట్లో ఉండేది.

మా ఇల్లంటే ఒక వరుసలో పదహారు గదులు, పదహారు గదులకూ కలిపి ఒకే నల్లా, గదికి ఇద్దరో ముగ్గురో మా తెలుగు ఊళ్ల నుంచి వలస వచ్చి మరమగ్గాల మీద నిలబడే మగవాళ్లు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. పన్నెండు గంటలు ఆ టకటకల నడుమ నిలబడి వచ్చి ఇంట్లో కూడా అరిచే మాట్లాడే మనుషులు కనుక మా వరుసలో రహస్యం అనేది ఉండేది కాదు. ఉప్పు అప్పడిగినా ఊరేగింపు పోయినట్టుండేది. పాండేసర రంగుల మిల్లుల నుంచి వచ్చే నీళ్లు మా వెనుక కాలువలో పారేవి, ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నెమలి రంగుగా, ఆ నీళ్లు చూసి వచ్చే పండుగకు దేశమంతా ఏ రంగు చీర కట్టబోతుందో మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చొనే చెప్పేది. మా క్రికెట్ వికెట్లు ఖాళీ బాబిన్లు, బంతి దారం చిక్కుల ఉండ, అది నీళ్లలో పడితే అవతలి ఒడ్డున ఇంకో రంగు బంతై తేలేది. బతుకమ్మకు ఇక్కడ తంగేడు దొరకదు, గునుగు దొరకదు, అందుకని మా ఆడవాళ్లు బంతిపూల నడుమ సాంచల కాడి రంగుదారం కుచ్చులు గుచ్చి పేర్చేవాళ్లు. పూలు వాడిపోయినా ఆ కుచ్చులు వాడేవి కావు, మళ్లీ ఏడాదికి దాచిపెట్టేవాళ్లు. చలికాలం పొద్దున బండి మీద జొన్న పొంక్ వచ్చేది, బండివాడు పచ్చి జొన్న గింజలను కాల్చి సేవ్, నిమ్మకాయ కలిపిచ్చేవాడు. మా ఊళ్లో ఊరికే తినే ఊచబియ్యానికి ఇక్కడ పైసలు తీసుకుంటరా అని మా బాపు ప్రతి ఏడాదీ తిట్టేవాడు, తిట్టి కొనేవాడు.

బాపుకు ఒక అలవాటు ఉండేది. ఏ బట్ట చేతికి దొరికినా అంచు నుంచి ఒక పోగు పీకి, బీడీ నిప్పుకు ఆనించేవాడు. "నూలైతే బూడిద, పాలిస్టరైతే ముత్యం" అనేవాడు. నిజమే, నూలు దారం కాలితే బూడిదై రాలిపోతుంది, పాలిస్టర్ కరిగి కొసకు నల్లటి గట్టి పూసవుతుంది. చుట్టాల అంగీలు, పెండ్లి పట్టుచీరలు, ఒకసారి స్కూలు జెండా, అన్నిటికీ పరీక్ష పెట్టినవాడు. జెండాకు పెట్టినందుకు మా సార్ బాపును బడికి పిలిపించి మరీ తిట్టాడు.

ఆ సారే నా పీకల మీదికి తెచ్చాడు. మా తెలుగు బడి ఏడో తరగతి దాకే. తర్వాత హిందీకో గుజరాతీకో మారాలి, మారినవాళ్లు ఏడాదిలో బయటికి వచ్చేవాళ్లు, సాంచ మీద నిలబడేవాళ్లు. నేను వెనుక బెంచీ వాణ్ని, సార్ నడక, సార్ తుమ్ము, సార్ చాక్‌పీసు వెతుక్కోవడం అన్నీ చేసి చూపేవాణ్ని, అయినా ఆయనకు నా మీద ఏం నమ్మకమో, మా సొంత జిల్లాలోని ఒక సర్కారు హాస్టల్ బడి పరీక్ష రాయించాడు. పాసయ్యాను. ఫలానా సోమవారం సాయంత్రం లోపు అసలు కాయితాలన్నీ పట్టుకొని రావాలి, రాకుంటే సీటు ఇంకొకరికి అని ఉత్తరం వచ్చింది. బాపు దాన్ని వరుసలోని పదహారు గదుల్లోనూ చదివించాడు, తనకు చదువు రాదు కనుక. "నా కొడుకు సాంచ మీద నిలవడడు" అన్నాడు. ఆ మాటకు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఎండాకాలం, రైళ్లలో నిలబడే జాగా కూడా లేదు, సెలవు నాలుగే దినాలు. బాపు దగ్గర ఎవరో వాడి వదిలేసిన బైకు ఒకటి ఉండేది, దాని మీదే పోదామన్నాడు. సామానుకు సంచి తనే తయారు చేశాడు. సాంచ మీద తనే నేసిన తెల్ల పాలిస్టర్ బట్టను ఎనిమిది మడతలు వేసి, గోనెసూదితో కుట్టి, రెండు పక్కలా రెండు గొప్ప కడుపులు, నడుమ సీటు మీద వేసే పట్టా.

"గిది సంచి గాదు, కంట్లం. మా తాత ఎద్దు మీద గిట్లనే ఏస్కొని నూలు తెచ్చేటోడు" అన్నాడు.

"ఎద్దు సైలెన్సర్ ఎనుక ఉంటది గద బాపూ, పక్కకు గాదు" అన్నాను. వరుస వరుసంతా పగలబడి నవ్వింది. తెలివైన మాట చెప్పాననుకోలేదు, నవ్వించాననుకున్నాను.

బాపుకు తెలివి లేక కాదు. ఎడమ పక్కన చీర గార్డు ఉంది, కాయితాలు అటు పెడతానని ఆయనే అన్నాడు. అమ్మే ఒప్పుకోలేదు. ఎడమ కడుపులో అప్పటికే చెప్పులు, విడిచిన బట్టలు పెట్టింది.

"సదువులతల్లిని ఎడమచెయ్యి దిక్కు కూసోవెడ్తవా? చెప్పులతోని? కుడి దిక్కు వెట్టు."

"కుడి దిక్కు కాల్తదే పిచ్చిదానా."

"శుభమా అని పోరడు సదువుకు పోతుంటె కాల్తదంటవ్, నీ నోట్ల మన్నువడ."

చదువులతల్లి కుడి పక్కకే పోయింది. వాన పడినా తడవొద్దని టీసీ, కులం సర్టిఫికెట్, మార్కుల కాయితం, ఉత్తరం ప్లాస్టిక్ కవరులో వేసి, సైలెన్సరుకు అడ్డంగా రెండు మడతల గోనెపట్టా కట్టి, దాన్ని తడిపి, బాపు బండెక్కాడు. అమ్మ బండి చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. దారిలో తినడానికి కాల్చిన బియ్యప్పిండి సర్వప్ప మాత్రం ఎడమ సంచిలో పెట్టింది, చెప్పుల పక్కనే. ఆకలికి పట్టింపు లేదు.

నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రెండు దినాలు మళ్లీ రాలేదు, ఆ మాట చెప్పడానికి నాకే సిగ్గు. నవాపూర్ దాటాక ఘాట్‌లో టేకు ఆకులు రాలిపోయి కొండలు గొరిగిన గుండుల్లా ఉన్నాయి, ధూళే దగ్గర వడగాలి ముఖం మీద వేడి తువ్వాల వేసినట్టు కొట్టింది, జల్‌గావ్ పొడుగునా అరటితోటలు, తోటల నీడలో ఆగి బాపు ఇంజిను చల్లారబెట్టేవాడు, నేను సర్వప్ప నములుతూ మా సార్ తుమ్మును అభినయించేవాణ్ని, బాపు సాంచల చప్పుడు లేని చోట కూడా అరిచి నవ్వేవాడు. ఆ మనిషి నాతో పగటిపూట రెండు గంటలు వరసగా మాట్లాడటం నాకు అదే మొదలు. గతుకుల్లో ఎక్కడో గోనెపట్టా జారిపోయింది. మేము చూసుకోలేదు.

రెండో రోజు అకోలా దాటాక ఒక లారీ డ్రైవరు పక్కకు వచ్చి కేకలేసి చెయ్యి చూపించేదాకా మాకు తెలియదు. కాలుతున్న పాలిస్టర్ వాసన లోకానికంతా వాసన, మాకు మాత్రం గాలి. రోజూ పొద్దున లేస్తే మా ముక్కులో ఉండేది అదే. బాపు దిగి, చేతులు కాలుతున్నా కుడి సంచిని గుంజి రోడ్డు పక్కన పడేశాడు. ఎనిమిది మడతల బట్టా, ప్లాస్టిక్ కవరూ కరిగి, కాలిన కాయితాలకు అంటుకొని, నల్లటి గట్టి ముద్దయ్యాయి. బాపు దాన్ని రాయితో కొట్టాడు. లోపల ఉత్తరంలోని ఒక ముద్ర సగం కనబడింది, గోరుతో గీకితే అదీ పొడైంది.

ఆయన ముఖం చూశాను. అట్లాంటి ముఖాన్ని చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాలేదు. నాకు ఒకటే విద్య తెలుసు, అదే వాడాను.

"నా సదువు నూలు గాదు బాపూ, పాలిస్టర్. ముత్యమైంది."

బాపు నవ్వాడు. రోడ్డు కట్ట మీద కూలబడి, కాలిన వేళ్లను నోట్లో పెట్టుకొని, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. నవ్వు అయిపోయాక నా ముఖం చూసి అడిగాడు: "ముంగటికి పోదామారా, వాపస్ పోదామా?"

"సర్వప్ప ఒడ్సింది. ఇంటికే పోదాం" అన్నాను.

మళ్లీ నవ్వాడు. బండి తిప్పాడు.

వేసవి సెలవుల్లో మా బడి మూసే ఉంది, తెరిచి నకలు కాయితాలు ఇచ్చేసరికి హాస్టల్లో నా మంచం మీద ఇంకెవరో పడుకొని ఉంటారు. సార్ రెండు ఉత్తరాలు రాశాడు, జవాబు రాలేదు. పదమూడు నిండకముందే నేను సాంచ దగ్గర బాబిన్లు మార్చే పనికి కుదిరాను. నా జోకు మాత్రం నాకంటే బాగా పైకొచ్చింది. బాపే అందరికీ చెప్పాడు, పెండ్లిలో, చావులో, చిట్టీ పాటలో, "ఏమన్నడో తెలుసా వీడు" అని మొదలుపెట్టి. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు నన్ను నిలబెట్టి నాతో చెప్పించేవాళ్లు. పాలిస్టర్ అనే పేరు పడిపోయింది, నా పెండ్లి పత్రికలో కూడా ఒక మేనమామ బ్రాకెట్లో వేయించబోయాడు. నవ్వనిది అమ్మ ఒక్కతే. నువ్వు కుట్టినవ్ అని ఆమె, నువ్వు వెట్టమన్నవ్ అని ఆయన, ఇరవై ఏళ్లు కొట్లాడుకున్నారు. ఇద్దరిలో ఎవరూ నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఆమె పోయే ముందు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకొని, "కుడి దిక్కంటె మంచిదనుకున్న బిడ్డా" అన్నది.

ఇప్పుడు మా వరుస లేదు, అక్కడ ఐదంతస్తుల గోదాము. రంగుల కాలువ మీద స్లాబు వేసి కార్లు పెడుతున్నారు, వచ్చే పండుగ రంగేదో అమ్మ ఉన్నా చెప్పలేకపోయేది. తెలుగు బడిలో పిల్లలు లేక ఒక గదికి కుదించారు. నా పిల్లలు నాతో హిందీలో పోట్లాడతారు, గుజరాతీలో బతిమాలతారు, తెలుగులో తిడితే తప్ప వినరు.

మొన్న ఎండాకాలం బాపు నా దుకాణం ముందు స్టూలు మీద కూర్చున్నాడు. డెబ్బై దాటాయి, చెవులు సాంచలకే ఇచ్చేశాడు, ఏం మాట్లాడినా రోడ్డంతటికీ వినబడుతుంది. నేను ఒక కుర్ర కస్టమర్ బండి కుడి పక్కన కూర్చొని నాలుగు వేళ్లు పెట్టి కొలుస్తున్నాను. బాపు అది చూస్తూ, ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ దినం నువ్వు ఏడ్వకపోతివేందిరా?"

"ఏ దినం?" అన్నాను, తెలిసే.

"ఏడుస్తె పోతుంటి గద ముంగటికి. ఆ హాస్టల్ సార్ కాళ్ల మీద వడుతుంటి. రేపు తెస్త, ఎల్లుండి తెస్త అని ఆడనే పండుకుంటుంటి. నువ్వు నవ్వితివి. వీనికే అక్కెర లేదనుకుంటి."

ఇన్నేళ్లూ దేనికైనా తిరిగి ఒక మాట అనకుండా ఉండలేకపోయినవాణ్ని. ఏడవడం నాకు వచ్చు బాపూ, నీ ముఖం చూసి ఆపుకున్నాను అని అరిచి చెప్పాలి, అరవకపోతే ఆయనకు వినబడదు, అరిస్తే రోడ్డంతా వింటుంది. ఆ రోడ్డు మీద తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే, అయినా అరవలేకపోయాను.

"దాదా ఏమంటున్నాడు?" అని కస్టమర్ గుజరాతీలో అడిగాడు.

"పట్టీ ఇంకాస్త బిగించమంటున్నాడు" అన్నాను, బిగించాను.